ముందస్తు విడుదలకు ఏ నేరాలు అడ్డు? శిక్ష తగ్గింపు నిబంధనల్లో ఏముంది?

స్వాతంత్ర్య దినోత్సవం, గణతంత్ర దినోత్సవం వంటి సందర్భాలు సమీపించినప్పుడు దేశంలోని కారాగారాల్లో సత్ప్రవర్తన గల ఖైదీల జాబితాలు సిద్ధమవుతాయి. ఆ జాబితాలో చోటు దక్కడానికి జైల్లో గడిపిన కాలం, నడవడిక మాత్రమే సరిపోవు. శిక్ష ఏ నేరానికి పడిందన్నదీ కీలకమే. కొన్ని నేరాల్లో గడువుకు ముందు విడుదలయ్యే అవకాశమే ఉండదు. మరికొన్నింటిలో సుదీర్ఘకాలం నిరీక్షించిన తర్వాతే దరఖాస్తు పరిశీలనకు వస్తుంది.

అయితే దేశమంతటికీ వర్తించే మినహాయింపు నేరాల పట్టిక అంటూ ఒకే పత్రం ఏదీ లేదు. పార్లమెంటు చేసిన చట్టాల్లో కొన్ని, న్యాయస్థానాల తీర్పుల్లో కొన్ని, రాష్ట్రాల జైలు నిబంధనల్లో కొన్ని, ప్రత్యేక సందర్భాల్లో ప్రకటించే పథకాల్లో మరికొన్ని మినహాయింపులు ఉన్నాయి. చట్టం విధించిన ఆంక్షను పార్లమెంటు మాత్రమే సడలించగలదు. రాష్ట్ర నిబంధనలోని ఆంక్ష ఒక్క నోటిఫికేషన్‌తో తొలగిపోవచ్చు. అందువల్ల మినహాయింపు ఏ స్థాయిలో ఉందన్నది ఖైదీ కుటుంబానికీ, బాధిత కుటుంబానికీ సమానంగా ముఖ్యమైన విషయం.

శిక్ష తగ్గింపు అంటే ఏమిటి?

దోషిగా తేలిన వ్యక్తి అనుభవించాల్సిన శిక్షలో కొంత భాగాన్ని ప్రభుత్వం మాఫీ చేయడాన్ని శిక్ష తగ్గింపు లేదా రెమిషన్ అంటారు. దీనివల్ల నేర నిర్ధారణ చెరిగిపోదు. శిక్షాకాలం మాత్రమే తగ్గుతుంది. శిక్ష స్వభావాన్నే మార్చడం, అంటే మరణశిక్షను యావజ్జీవ శిక్షగా మార్చడం వంటిది, వేరే ప్రక్రియ. పెరోల్, ఫర్లో తాత్కాలిక సెలవులు మాత్రమే. ఆ గడువు ముగియగానే ఖైదీ తిరిగి జైలుకు రావాలి.

విచారణ ఖైదీల విడుదలకూ దీనికీ సంబంధం లేదు. నేరానికి విధించగల గరిష్ఠ శిక్షలో సగకాలం, తొలిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారైతే మూడో వంతు కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీలకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ బెయిలు అవకాశం కల్పిస్తోంది. మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడే అవకాశమున్న నేరాలను ఆ సెక్షన్ నుంచి మినహాయించారు. ఇది బెయిలుకు సంబంధించిన నిబంధన మాత్రమే.

శిక్ష తగ్గించే అధికారం ఇంతకుముందు నేర విచారణ ప్రక్రియా స్మృతి 432వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1న నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చిన తర్వాత అది 473వ సెక్షన్‌గా మారింది. ప్రభుత్వం నిర్ణయం తీసుకునే ముందు శిక్ష విధించిన కోర్టు న్యాయమూర్తి అభిప్రాయం తీసుకోవాలి. ఆ అభిప్రాయానికి తగిన కారణాలు ఉండాలని 2022లో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

14 ఏళ్ల నిబంధన ఎవరికి?

యావజ్జీవ శిక్ష అంటే 14 ఏళ్లు లేదా 20 ఏళ్లు అన్న నమ్మకం ప్రజల్లో బలంగా ఉంది. చట్టం అలా చెప్పడం లేదు. యావజ్జీవ శిక్ష అంటే ఖైదీ మిగిలిన జీవితకాలమంతా అని 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. శిక్షలో భాగాలను లెక్కించే సందర్భంలో మాత్రమే యావజ్జీవాన్ని 20 ఏళ్లుగా పరిగణించాలని శిక్షాస్మృతి పేర్కొంది. ఆ అంకెతో విడుదల హక్కు దానంతట అదే రాదు.

14 ఏళ్ల లెక్క వచ్చింది 433ఎ సెక్షన్‌తో. ఇది 1978 డిసెంబరు 18 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రస్తుతం ఇది నాగరిక్ సురక్షా సంహిత 475వ సెక్షన్. మరణశిక్ష కూడా విధించగల నేరంలో యావజ్జీవ శిక్ష పడినవారు, మరణశిక్ష యావజ్జీవంగా మారినవారు కనీసం 14 ఏళ్లు వాస్తవంగా జైల్లో గడపాలి. సత్ప్రవర్తన ద్వారా సంపాదించిన తగ్గింపు రోజులను ఈ 14 ఏళ్లలో కలపరు. ఈ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 1980లో మారూ రామ్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం సమర్థించింది. 14 ఏళ్లు పూర్తి కావడం పరిశీలనకు అర్హత మాత్రమే. విడుదలకు అది హామీ కాదు.

హత్యానేరం ఈ నిబంధన పరిధిలోకి వస్తుంది. వరకట్న మరణం రాదు. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష యావజ్జీవమే తప్ప మరణశిక్ష కాదు. అంతమాత్రాన వరకట్న మరణం కేసులో దోషికి ముందస్తు విడుదల సులభమని భావించరాదు. 475వ సెక్షన్ ఆపకపోయినా, ప్రభుత్వాల పథకాలు ఆ నేరాన్ని మినహాయింపు జాబితాలో చేర్చుతున్నాయి.

చట్టంలోనే నిషేధం

కొన్ని నేరాల విషయంలో పార్లమెంటు ప్రభుత్వాలకు విచక్షణ మిగల్చలేదు. ఇందుకు స్పష్టమైన ఉదాహరణ మాదకద్రవ్యాల నిరోధక చట్టం. 1989లో చేర్చిన 32ఎ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద పడిన శిక్షను నిలిపివేయడం, తగ్గించడం, మార్చడం కుదరదు. మాదకద్రవ్యాల వినియోగానికి సంబంధించిన 27వ సెక్షన్ కింద పడిన శిక్షకు మాత్రం ఈ నిషేధం వర్తించదు. అప్పీలు విచారణలో ఉండగా శిక్షను నిలిపివేసే న్యాయస్థానాల అధికారాన్ని హరించిన మేరకు ఈ సెక్షన్ చెల్లదని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ప్రభుత్వం శిక్ష తగ్గించరాదన్న భాగం మాత్రం నిలిచింది.

లైంగిక నేరాల విషయంలో శాసనం వేరొక పద్ధతిని అనుసరించింది. 12 ఏళ్లలోపు బాలికపై అత్యాచారం, సామూహిక అత్యాచారం, అత్యాచారం వల్ల బాధితురాలు మరణించడం లేదా శాశ్వత అచేతన స్థితికి చేరడం, అదే తరహా నేరం మళ్లీ చేయడం వంటి సందర్భాల్లో యావజ్జీవ శిక్ష అంటే దోషి సహజ జీవితంలో మిగిలిన కాలమంతా అని భారతీయ న్యాయ సంహిత నిర్వచించింది. పోక్సో చట్టంలోని 6వ సెక్షన్‌ను 2019లో సవరించినప్పుడు ఇదే నిర్వచనాన్ని చేర్చారు. కొన్ని రకాల మానవ అక్రమ రవాణా నేరాలకూ, యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఖైదీ చేసిన హత్యకూ ఇదే మాట వర్తిస్తుంది.

తీర్పులోనే విధించే ఆంక్ష

2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు కొత్త మార్గాన్ని అనుసరించింది. మరణశిక్ష మితిమీరినదిగా, 14 ఏళ్ల తర్వాత విడుదలకు వీలిచ్చే యావజ్జీవ శిక్ష బొత్తిగా చాలనిదిగా తోచిన కేసుల్లో ఈ రెండింటికీ మధ్యస్థంగా ఒక శిక్ష ఉండాలని భావించింది. ఆ కేసులో దోషిని జీవితాంతం విడుదల చేయరాదని ఆదేశించింది.

ఈ విధానం సరైనదేనని 2015 డిసెంబరు 2న వి. శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం 3:2 మెజారిటీతో ఆమోదించింది. 20, 25, 30 ఏళ్లు లేదా జీవితాంతం తగ్గింపు లేకుండా శిక్ష అనుభవించాలని హైకోర్టులు, సుప్రీంకోర్టు ఆదేశించవచ్చు. కింది కోర్టులకు ఆ అధికారం లేదు. అలాంటి తీర్పు ఉన్నప్పుడు ప్రభుత్వం 473వ సెక్షన్ కింద ఆ గడువులో జోక్యం చేసుకోజాలదు.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. తీర్పు నిర్దిష్టంగా 20 ఏళ్లు అని చెప్పినప్పుడు, ఆ గడువు ముగిసిన ఖైదీ విడుదల కోసం ప్రత్యేకంగా తగ్గింపు ఉత్తర్వు కోరాల్సిన అవసరం లేదని 2025లో ఢిల్లీకి చెందిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శిక్షాకాలం పూర్తయినా జైళ్లలోనే ఉండిపోయినవారిని గుర్తించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కేంద్రం సమ్మతి లేనిదే కుదరని కేసులు

కొన్ని కేసుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఒంటరిగా నిర్ణయం తీసుకోలేదు. కేంద్ర చట్టం కింద అధికారం పొందిన దర్యాప్తు సంస్థ విచారించిన కేసులు, కేంద్ర ప్రభుత్వ ఆస్తిని దుర్వినియోగం చేసిన లేదా ధ్వంసం చేసిన కేసులు, కేంద్ర ఉద్యోగులు విధి నిర్వహణలో చేసిన నేరాలు ఈ కోవలోకి వస్తాయి. పాత స్మృతిలోని 435వ సెక్షన్ కేంద్రంతో సంప్రదించాలని చెప్పేది. అక్కడ సంప్రదింపు అంటే సమ్మతి అనే అర్థమని శ్రీహరన్ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. కొత్త సంహిత 477వ సెక్షన్‌లో సమ్మతి అన్న మాటనే నేరుగా చేర్చారు.

రాష్ట్రాల జాబితాలు ఎందుకు వేర్వేరు?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం కారాగారాలు రాష్ట్రాల పరిధిలోని అంశం. శిక్ష తగ్గింపుపై నియమాలు రూపొందించే అధికారాన్ని 1894 నాటి కారాగారాల చట్టం కూడా ప్రభుత్వాలకు ఇచ్చింది. అందువల్ల ఒక రాష్ట్రంలో మినహాయింపు జాబితాలో ఉన్న నేరం పొరుగు రాష్ట్రం జాబితాలో లేకపోవచ్చు.

ఈ వ్యత్యాసాలను తగ్గించేందుకు జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లో మార్గదర్శకాలు జారీ చేసి, 2003లో సవరించింది. తీవ్రమైన నేరాలను అవి ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. అత్యాచారంతో కూడిన హత్య, దోపిడీతో కూడిన హత్య, వరకట్నం కోసం హత్య, 14 ఏళ్లలోపు బాలల హత్య, ఒకరి కంటే ఎక్కువ మందిని చంపడం, జైల్లో లేదా పెరోల్‌పై ఉండగా చేసిన హత్య, ఉగ్రవాద చర్యలో హత్య, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి హత్య ఆ వర్గంలో ఉన్నాయి. కిరాయి హంతకులు, మాదకద్రవ్యాల ముఠాల సభ్యులు చేసిన హత్యలనూ అందులోనే చేర్చారు. ఇటువంటి ఖైదీల విషయంలో తగ్గింపు కాలంతో కలిపి 20 ఏళ్లు పూర్తయ్యాకే పరిశీలన జరపాలని, ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గింపుతో కలిపి 25 ఏళ్లు మించరాదని కమిషన్ సూచించింది. అంటే కమిషన్ దృష్టిలో ఇవి విడుదలను ఆలస్యం చేసే నేరాలు. శాశ్వతంగా నిరోధించేవి కావు.

ఒక్క నిబంధన తొలగింపుతో ఏం జరుగుతుందో 2023లో బిహార్‌లో వెల్లడైంది. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని హత్య చేసినవారిని ముందస్తు విడుదల నుంచి మినహాయించే మాటలు ఆ రాష్ట్ర 2012 జైలు నియమావళిలోని 481వ నిబంధనలో ఉండేవి. 2023 ఏప్రిల్ 10న ప్రభుత్వం వాటిని తొలగించింది. ఆ నెలలోనే 27 మంది ఖైదీల విడుదలకు ఉత్తర్వులు వెలువడ్డాయి. వారిలో మాజీ ఎంపీ ఆనంద్ మోహన్ సింగ్ ఒకరు. 1994 డిసెంబరు 5న ముజఫర్‌పుర్ సమీపంలో అల్లరిమూక చేతిలో హతమైన గోపాల్‌గంజ్ జిల్లా కలెక్టర్ జి. కృష్ణయ్య కేసులో ఆయన దోషి. దిగువ కోర్టు 2007లో విధించిన మరణశిక్షను పట్నా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

కృష్ణయ్య ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఐఏఎస్ అధికారి. విడుదలను సవాలు చేస్తూ ఆయన సతీమణి సుప్రీంకోర్టును ఆశ్రయించారు. పాస్‌పోర్టు అప్పగించాలని, 15 రోజులకోసారి పోలీసు స్టేషనులో హాజరు కావాలని 2024 ఫిబ్రవరిలో కోర్టు ఆనంద్ మోహన్‌ను ఆదేశించింది. నేరం మారలేదు, శిక్ష మారలేదు. మారింది మినహాయింపు నిబంధన ఒక్కటే.

ఏ ప్రభుత్వం, ఏ తేదీనాటి విధానం?

శిక్ష పడిన నాటికి అమల్లో ఉన్న విధానమే ఖైదీకి వర్తిస్తుందని 2010లో హరియాణా ప్రభుత్వం వర్సెస్ జగదీశ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. తర్వాత వచ్చిన విధానం మరింత ఉదారంగా ఉంటే దాని ప్రయోజనం కూడా ఇవ్వవచ్చని తెలిపింది. ఈ సూత్రం కారణంగా కొత్తగా చేర్చిన మినహాయింపు పాత ఖైదీలకు వర్తించకపోవచ్చు.

బిల్కిస్ బానో కేసులో తలెత్తిన వివాదానికి మూలం ఇదే. సామూహిక అత్యాచారం, హత్యల కేసులో 11 మందికి 2008లో ముంబయి కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. అత్యాచారంతో కూడిన హత్యను గుజరాత్ 2014 విధానం మినహాయించింది. 1992 నాటి విధానంలో అటువంటి మినహాయింపు లేదు. శిక్ష పడిన నాటికి అమల్లో ఉన్నది 1992 విధానమేనన్న ప్రాతిపదికపై గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న వారిని విడుదల చేసింది.

2024 జనవరి 8న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. నేరం ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం కాదని, శిక్ష విధించిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర ప్రభుత్వానికే నిర్ణయాధికారం ఉంటుందని తేల్చింది. ఆ లెక్కన అధికారం మహారాష్ట్రది. రెండు వారాల్లో లొంగిపోవాలని దోషులను ఆదేశించింది. జాబితాలో నేరం ఉందా లేదా అన్న ప్రశ్నకు ముందే, ఎవరి జాబితా చూడాలన్న ప్రశ్న ఉంటుందని ఈ తీర్పు గుర్తుచేసింది.

ప్రత్యేక పథకాల్లో కఠిన జాబితా

జాతీయ సందర్భాల్లో కేంద్రం ప్రకటించే పథకాల మినహాయింపులు సాధారణ నిబంధనల కంటే విస్తృతంగా ఉంటాయి. ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ సందర్భంగా 2022 ఆగస్టు 15, 2023 జనవరి 26, 2023 ఆగస్టు 15 తేదీల్లో మూడు విడతల విడుదలకు కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. సగం శిక్ష పూర్తిచేసిన 50 ఏళ్లు దాటిన మహిళలు, ట్రాన్స్‌జెండర్లు, 60 ఏళ్లు దాటిన పురుషులు, 70 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గలవారు అర్హులయ్యారు. మూడింట రెండు వంతుల శిక్ష పూర్తిచేసినవారికీ, శిక్ష ముగిసినా జరిమానా కట్టలేక జైల్లోనే మిగిలిన పేదలకూ అవకాశం దక్కింది.

ఆ పథకం నుంచి మినహాయించిన వర్గాలివి:

మరణశిక్ష పడినవారు, మరణశిక్ష యావజ్జీవంగా మారినవారు, మరణశిక్షకు వీలున్న నేరాల్లో దోషులు.

యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నవారు.

టాడా, పోటా, ఉపా, పేలుడు పదార్థాల చట్టం, జాతీయ భద్రతా చట్టం, అధికార రహస్యాల చట్టం, హైజాకింగ్ నిరోధక చట్టం కింద శిక్ష పడినవారు.

వరకట్న మరణం, అత్యాచారం, మానవ అక్రమ రవాణా, పోక్సో, వ్యభిచార నిరోధక చట్టం కేసుల్లో దోషులు.

దొంగనోట్లు, మనీలాండరింగ్, ఫెమా, నల్లధనం, అవినీతి నిరోధక చట్టం కేసుల్లో దోషులు.

మాదకద్రవ్యాల కేసుల్లో, సామూహిక విధ్వంసక ఆయుధాల కేసుల్లో, రాజ్యానికి వ్యతిరేకంగా చేసిన నేరాల్లో శిక్ష పడినవారు.

వీటితోపాటు తమకు తగునని తోచిన ఇతర చట్టాలను చేర్చుకునే స్వేచ్ఛను రాష్ట్రాలకు వదిలిపెట్టారు. ఈ జాబితా ఆ పథకానికే పరిమితం. అందులో అనర్హులైన యావజ్జీవ ఖైదీలు 14 ఏళ్ల తర్వాత రాష్ట్ర విధానం కింద పరిశీలన కోరే అవకాశం అలాగే ఉంటుంది.

నేరం ఒక్కటే కొలమానమా?

నేరం పేరు చూసి దరఖాస్తును పక్కనపెట్టే పద్ధతిపై న్యాయస్థానాలు ప్రశ్నలు లేవనెత్తాయి. కేరళలో 26 ఏళ్లకు పైగా జైల్లో ఉన్న ఒక ఖైదీ కేసులో 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. చట్టం, నియమాలు ఇచ్చిన అవకాశాన్ని కార్యనిర్వాహక మార్గదర్శకాలతో కొన్ని నేరాలకు గంపగుత్తగా నిరాకరించడం ఏకపక్షమని, సంస్కరణ లక్ష్యానికే విరుద్ధమని అభిప్రాయపడింది. ఆ ఖైదీని విడుదల చేయాలని ఆదేశించింది.

పరిశీలించవలసిన అంశాలను 2000లోనే లక్ష్మణ్ నస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగా పేర్కొంది. నేరం సమాజంపై ప్రభావం చూపని వ్యక్తిగత చర్యా, మళ్లీ నేరం చేసే అవకాశం ఉందా, నేరం చేసే శక్తిని ఖైదీ కోల్పోయాడా, ఇంకా నిర్బంధించడం వల్ల ప్రయోజనం ఉందా, అతని కుటుంబ సామాజిక, ఆర్థిక పరిస్థితి ఏమిటి అన్నవి ఆ ఐదు. వీటిలో జరిగిన నేరాన్ని గురించినది మొదటి ప్రశ్న ఒక్కటే. మిగిలిన నాలుగూ ప్రస్తుత స్థితిని, భవిష్యత్తును చూడమంటాయి.

రాష్ట్రపతి, గవర్నర్ అధికారం

చట్టంలోని ఈ ఆంక్షలు రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతికి, గవర్నర్‌కు ఉన్న క్షమాభిక్ష అధికారాన్ని పరిమితం చేయవు. 14 ఏళ్లు పూర్తికాకపోయినా గవర్నర్ ఆ అధికారాన్ని వినియోగించవచ్చని 2021లో హరియాణా కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. అయితే గవర్నర్ మంత్రిమండలి సలహా మేరకే వ్యవహరించాలి.

ఆ నిర్ణయం న్యాయసమీక్షకు అతీతం కాదని తేల్చిన కేసు ఆంధ్రప్రదేశ్‌దే. ఒక హత్యకేసు దోషికి 2005లో నాటి ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006 అక్టోబరు 11న ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆ ఖైదీ ఒక పార్టీకి మంచి కార్యకర్త అన్న ప్రస్తావన అధికారిక నివేదికలో ఉండటాన్ని ఆక్షేపించింది. మతం, కులం, రాజకీయ విధేయత ఆధారంగా క్షమాభిక్ష ఇవ్వరాదని తెలిపింది.

కుటుంబాలు గమనించవలసినవి

2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, విధానం ఉన్న రాష్ట్రాల్లో అర్హుడైన ఖైదీ దరఖాస్తు చేయకపోయినా అతని కేసును ప్రభుత్వమే పరిశీలించాలి. విధానం లేని రాష్ట్రాలు రెండు నెలల్లో రూపొందించుకోవాలి. విడుదలకు విధించే షరతులు సహేతుకంగా, స్పష్టంగా ఉండాలి. ఆ షరతులను ఉల్లంఘించారంటూ తగ్గింపును రద్దుచేయదలిస్తే ముందుగా నోటీసు ఇచ్చి వివరణ వినాలి. విడుదల నిరాకరించినా కారణాలు తెలపాలి.

అనర్హత పేరుతో దరఖాస్తు తిరిగివచ్చినప్పుడు, అది చట్టం విధించిన ఆంక్షా, తీర్పులోని షరతా, రాష్ట్ర నిబంధనా, ఒక పథకానికే పరిమితమైన మినహాయింపా అన్నది నిరాకరణ ఉత్తర్వులో చూసుకోవాలి. తీర్పులోని గడువు ముగిసేదాకా ఆగక తప్పదు. పథకం కింద అనర్హులైనవారు సాధారణ విధానం కింద పరిశీలన కోరవచ్చు. రాష్ట్ర నిబంధనను హైకోర్టులో సవాలు చేయవచ్చు. నిబంధనలకు విరుద్ధంగా విడుదల జరిగిందని భావించే బాధిత కుటుంబాలకూ న్యాయస్థానం తలుపు తట్టే మార్గం ఉందని బిల్కిస్ బానో, ఏపూరు సుధాకర్ కేసులు చూపుతున్నాయి.